రెండంగుళాల మర్యాద

దర్జీకి వృత్తిలో ఒకే ఒక్క రహస్యం ఉండేది. ఆడవాళ్ల నడుం కొలిస్తే ముప్పై ఆరు వచ్చిందనుకోండి, పైకి "ముప్పై నాలుగు" అని చదివేవాడు. మిషను ముందు కూర్చున్న భార్య అదే పుస్తకంలో రాసుకునేది. కత్తిరించేటప్పుడు ఆ రెండంగుళాలూ గుట్టుగా కలిపేసేవాడు. బట్ట ఒంటికి సరిపోయేది, మాట మనసుకు సరిపోయేది. అలా ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో ఎవరి నడుమూ పెరగలేదు.

ఈమధ్యే నీరసమూ మతిమరుపూ పట్టుకున్నాయి. కలపడం మర్చిపోసాగాడు. బడి వార్షికోత్సవంలో హెడ్మాస్టరమ్మ కొత్త కోటుతో బహుమతి ఇవ్వబోయి వంగితే, గుండీ ఎగిరి ముందు వరుసలో పెద్దమనిషి కళ్లద్దాలకు తగిలింది. అలాంటివి ఆ నెలలో మూడయ్యాయి. భార్య పుస్తకం తిరగేసింది. రాసిందెంతో కత్తిరించిందీ అంతే. కాబట్టి ఈయనకి కొలవడమే చేతకాకుండా పోయిందని తేల్చి, కత్తెర లాక్కుని గుండీల డబ్బా చేతికిచ్చింది. ఒళ్లు బాగుపడకపోతే తమ్ముణ్ని కత్తిరింపుకు పిలిపిస్తానంది. ఆ బావమరిది కుట్టిన ప్యాంటు వేసుకున్నవాడు కూర్చునే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే కాల్షియం మితిమీరి ఉందని తేలింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపుగింజలంత గ్రంథులు నాలుగుంటాయట. వాటిలో ఒకటి చిక్కుడుగింజంత పెరిగి, పెత్తనం దొరికిన మేనమామలా, ఎముకల్లోని కాల్షియమంతా రక్తంలోకి లాగేస్తోందట. మతిమరుపూ నీరసమూ దాని చలవే. మెడ కోయక్కర్లేదు, స్కాన్‌లో చూస్తూ సన్నటి సూది దింపి వేడితో మాడ్చేస్తే చాలు.

"గొంతు నరం ఆ పక్కనే ఉంటుంది, సెగ తగిలితే గొంతు మారిపోతుంది. నేను చాలనేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి," అంది మెడకు మత్తిచ్చి. గొంతు ఏమాత్రం మారినా ఇట్టే పట్టేస్తుందని భార్యకు కూడా టోపీ తొడిగి లోపల నిలబెట్టింది.

ఏం మాట్లాడాలి? ఎండల సంగతి అయిపోయింది. మిషను నూనె సంగతీ అయిపోయింది. డాక్టరమ్మ ఊఁ ఊఁ అని తొందరపెట్టేసరికి, నోటికి అలవాటైనవి కొలతలే గనక వాటినే అందుకున్నాడు.

"హెడ్మాస్టరమ్మ ముప్పై నాలుగు, కలిపితే ముప్పై ఆరు. పోస్టాఫీసావిడ ముప్పై ఆరు, కలిపితే ముప్పై ఎనిమిది. మా ఆవిడ ముప్పై ఆరు, కలిపితే..."

ఆగిపోయాడు.

"గొంతేమైనా మారిందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"గొంతు బానే ఉందండి," అంది భార్య. "మిగతాది కూడా చెప్పమనండి."

"నలభై," అన్నాడు, సూది కింద కదలకుండా. సొంతమనిషని ఆవిడకు మాత్రం నాలుగు తగ్గించేవాడు.

నవ్వు ఆపుకోవడానికి డాక్టరమ్మ ఎంత అవస్థ పడిందో మాస్కు పైన కళ్లే చెప్పాయి.

మధ్యాహ్నానికల్లా మెడ మీద చిన్న పట్టీతో ఇల్లు చేరాడు. నెల తిరిగేసరికి కాల్షియం దారికొచ్చింది. ఎవరికెంత కలపాలో పొల్లుపోకుండా గుర్తుకొస్తోంది. అయినా కత్తెర రాలేదు. గుండీలు కుట్టీ కుట్టీ విసిగి, ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇస్తాను. ముందు నన్నొకసారి కొలవండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

టేపు చుట్టాడు. అబద్ధమాడితే కత్తెర పోతుంది. నిజం చెబితే ఏమేం పోతాయో తెలీదు. కళ్లు మూసుకుని, "నలభై ఒకటి," అన్నాడు.

ఆవిడ పుస్తకం తెరిచి, తన పేరు కింద ముప్పై ఏడని రాసుకుని, కత్తెర తెచ్చి అతని చేతిలో పెట్టింది.