సామాను పెట్టె చివర తగిలించిన రోజు

మా బాబాయిని ఊళ్లో అందరూ రెండు నిమిషాల మేస్త్రి అంటారు. పొద్దుటి రైలు మా స్టేషన్లో ఆగేది రెండే నిమిషాలు. ఆలోపు టమాటా బుట్టలన్నీ సామాను పెట్టెలోకి ఎక్కించాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయన పని అదే.

అసలు ఆ రైలు లేకపోతే ఈ ఊరే లేదు. ఒకప్పుడు ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఇక్కడ ఆగేదట. ఆగిన బండి దగ్గరికి చుట్టుపక్కల రైతులు కూరగాయలు తెచ్చారు. తర్వాత కొట్లు లేచాయి, వాటి వెనక ఇళ్లు. హైవే పడ్డాక లారీలొచ్చాయి. స్టేషనుకు వచ్చే బుట్టలు సగానికి పడిపోయాయి.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను ప్లాట్‌ఫాం మీద బుట్టల మూతులకు గోనెగుడ్డ కుడుతున్నాను. తల వంచుకుని కుడుతుంటే నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మొన్న సోమవారం స్టేషన్ మాస్టరు బాబాయితో అన్న మాటలు అలాగే విన్నాను.

"రేపు పైనుంచి ఆఫీసరొస్తున్నాడు మేస్త్రీ. వంద బుట్టలైనా ఎక్కకపోతే ఇక్కడ బండి ఆపడం దండగంటాడు. తర్వాత నన్నని లాభం లేదు."

బాబాయి సాయంత్రమంతా పొలాల వెంట తిరిగాడు. లారీకి మాటిచ్చిన రైతుల కాళ్లావేళ్లా పడ్డాడు. తెల్లారేసరికి నూట పది బుట్టలు చేరాయి. వాటిని నీళ్ల పంపు ఎదురుగా పేర్పించాడు. సామాను పెట్టె ఎప్పుడూ అక్కడే ఆగుతుంది, అడుగు అటూ ఇటూ కాదు. రేపూ అక్కడే ఆగుతుందా అని మాస్టరును ఒక మాట అడగాలని ఆయనకూ తోచలేదు, మాకూ తోచలేదు.

బండి వచ్చింది. పంపు ఎదురుగా ప్రయాణికుల పెట్టె ఆగింది.

"చచ్చాం మేస్త్రీ, మనదాన్ని తోకకి కట్టారు!" అని ఒక హమాలీ అరిచాడు.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఎత్తు!"

అందరం పరిగెత్తాం. సూది వదిలేసి నేనూ ఒక బుట్ట పట్టాను. బాబాయి పెట్టెలోకెక్కి అందుకుంటున్నాడు. నలభై ఎక్కాయో లేదో, కూత వేసింది. "ఇంకొక్కటి, ఒక్కటి ఇవ్వండ్రా!" అంటూనే ఆయన బండితో పాటు వెళ్లిపోయాడు.

ప్లాట్‌ఫాం మీద నిలబడి అంతా చూసిన ఆఫీసరు ఏదో రాసుకుని కాగితం మడిచాడు. అతను వెళ్లాక మాస్టరు నా వైపు చూడకుండానే చెప్పాడు. "ఒకటో తారీకు నుంచి ఆగదమ్మా."

ఇంటికెళ్లి చెబితే పిన్ని గుమ్మంలో కూలబడింది. "ముప్ఫై ఏళ్లకి ఒక్కసారి రైలెక్కాడు మీ బాబాయి. అదీ టికెట్టు లేకుండా."

మధ్యాహ్నం స్టేషను ముందు ఒక లారీ ఆగింది. అందులోంచి బాబాయి దిగాడు. తర్వాతి స్టేషన్లో దిగితే ఆ లారీ డ్రైవరే ఎక్కించుకున్నాడట. మిగిలిన బుట్టలు ఎండలోనే ఉన్నాయి. మాస్టరు చెప్పింది చెప్పాను. బాబాయి తలూపాడు.

"ఎక్కించెయ్యండి మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. "తొందరేం లేదు, నిండేదాకా ఉంటా."

హమాలీలు కాసేపు బాబాయి మొహం వంక చూశారు. ఆయన ప్లాట్‌ఫాం అంచున కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. చివరికి ఎవరూ చెప్పకుండానే ఒకడు వంగి బుట్ట ఎత్తాడు. వాడి వెనకే ఇంకొకడు.