వాలిన అక్షరాల పెద్దనాన్న

పాఠక మహాశయులారా, ముందే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. ఒక మనిషి పోయాడని చెప్పాల్సిన చోట నేనొక ఇంగ్లీషు ఫాంటు గురించి చెప్పబోతున్నాను. దీనివల్ల సంతాప సాహిత్యానికి వాటిల్లే నష్టానికి పూర్తి బాధ్యత నాదే. మెట్టుగూడలో పెళ్లి కార్డులు అచ్చు వేసే మా పెద్దనాన్న మొన్న సోమవారం పోయారు.

ఆయన కార్డుల్లో తెలుగు వైపు ఎవరికి నచ్చిన అక్షరాలు వారివి. ఇంగ్లీషు వైపు మాత్రం ఒకటే ఫాంటు. వెంట్రుకంత సన్నం. ఎవరినో పలకరించబోతున్నట్టు కుడివైపు కాస్త వాలి ఉంటుంది. కానీ ప్రతి గీత అడుగునా పలకలాంటి చదునైన పాదం. "చూడు బిడ్డా, వంగి దండం పెడుతది గానీ కింద పడదు. చెప్పులేసుకున్న అక్షరం ఇది" అనేవారు. షాపు బోర్డుకు అడిగితే ససేమిరా. "దూరంకెల్లి పిలిచే గొంతు కాదిది. చేతిల పట్టుకొని చదివేటందుకే."

ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చిన ఒక పెళ్లికొడుకు తండ్రి, "మరీ బక్కగున్నదన్నా, జెర లావు చెయ్యరాదూ" అన్నాడు.

"మీ పిలగాడు సుత బక్కగనే ఉన్నడు గద, పెళ్లి ఆపినమా?" అన్నారు పెద్దనాన్న.

డిగ్రీ పట్టా పుచ్చుకుని, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఆయన పక్క కుర్చీలో కూలబడిన మహానుభావుణ్ని నేను. నాకు ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. "నిటారు అక్షరాన్ని పక్కకు తోస్తే వాలదురా, కూలుతది. వాలేదాన్ని మొదలే వాలినట్టు గీస్తరు."

రెండేళ్ల కిందట ఆయన కంప్యూటర్ ముందు కళ్లు నులుముకోవడం మొదలుపెట్టారు. "ఏందిరా, అక్షరాలు తాగినట్టు ఊగుతున్నయ్?" కళ్లద్దాలు రెండుసార్లు మార్చారు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా నమ్మలేదు. "నా కండ్లతోని ఒకరి పెళ్లి కార్డు ఖరాబ్ కావొద్దు" అని కుర్చీ నాకిచ్చేసి తలుపు దగ్గర స్టూలు మీదికి మారారు. ఆపైన ఆయనకు మిగిలిన పని కార్డులు మడవడం, మొదటి కార్డు మూలలకు పసుపు రాసి ఇవ్వడం. ముప్పై ఏళ్లు అక్షరాలు పేర్చిన చేతులవి. ఒకరోజు మడుస్తూ మడుస్తూ, "నేను పోతే నా కార్డు సుత గా ఫాంట్లనే ఎయ్యిరా" అన్నారు.

నిన్న ఆయన దశదినకర్మ కార్డు వేశాను. దాని మీద ఆయన కళ్లద్దాలు పెట్టాను. వాటి అంచున ఇంకా ఆయన పసుపు వేలిముద్ర ఉంది. అద్దం కింద ఆయన పేరు పక్కకు కూలుతోంది.

జోకులు అయిపోయాయి. నేను చేసింది ఇది: రెండేళ్ల కిందట కంప్యూటర్ శుభ్రం చేస్తూ ఆ ఫాంటును పోగొట్టాను. దాని నిటారు రూపం ఒకటి మిగిలితే, అక్షరాలను వాల్చే బటన్ నొక్కి పక్కకు తోశాను. "ఫాంటు గిట్ల మార్చినవారా?" అని ఆయన అడిగారు.

"లేదు పెద్దనాయ్నా, నీ కండ్లే" అన్నాను.