చూసేదానికి ఎంతప్పా?

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను హైవే పక్కన ఒక వాటర్ పార్కులో టికెట్లు ఇచ్చేవాణ్ణి. చుట్టూ ఎండిపోయిన వేరుశనగ చేలు, నీళ్లు పడని బోర్లు. మధ్యలో మా గోడ, గోడ లోపల అలలు. టికెట్టు ఆరు వందలు. నీళ్లలో దిగకుండా ఒడ్డున కూర్చునేవాళ్లకు నూటయాభై రూపాయల టికెట్టు వేరే ఉండేది. దాన్ని మేము చూపు టికెట్టు అనేవాళ్లం. బోర్డు మీద మాత్రం రాయలేదు. పేరు పెట్టి అడిగినవాళ్లకే ఇవ్వాలని మేనేజరు హుకుం. అవి ఎక్కువ తెగిన రోజు ఆయన ముఖం మాడ్చుకునేవాడు.

ఆ కిటికీ వెనక కూర్చుంటే మనుషులు ధరను ఎలా తూకం వేస్తారో తెలిసిపోతుంది. బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు సాయంత్రం వెళ్లిపోతూ "ఇంతేనా" అనేవాళ్లు. గుంతకల్లు రైల్వే ఉద్యోగి ఒకాయన ఒక్కో జారుడుబల్లకు ఎంత పడిందో నాకు లెక్క అప్పజెప్పి, రెండు మూసేశారు గనక ఆ మేరకు వాపసు ఇమ్మని మంకుపట్టు పట్టాడు. నాకు అందరి మీదా చిరాకే. వచ్చేవాళ్లంతా నన్ను మోసం చేయడానికే వస్తారని నమ్మేవాణ్ణి. నేను! చూడండి ఎంత విడ్డూరమో.

ఒక ఎండాకాలం పొద్దున నలుగురు వచ్చారు. ఒక అవ్వ, ఆమె భర్త, కొడుకు, కోడలు. గొర్రెలు మేపుకునేవాళ్లు. సంతలో పొట్టేలును అమ్మి ఊరికి పోతుంటే, సోమందేపల్లెలో ఎవరో చెప్పారట, దారిలో బస్సు దిగేశారు. అవ్వ చెప్పులు విడిచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఈడ సముద్రం ఉండాదంట గదప్పా. చూసేదానికి ఎంత?"

చూసేదానికి. సరిగ్గా అదే అడిగింది. పేరు పెట్టి అడగలేదు కదా అని ఆ తర్వాత నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఇంతకంటే పేరు పెట్టి ఎవరైనా ఎలా అడుగుతారు?

"చూసినా మునిగినా ఒకటే రేటు అవ్వా. మనిషికి ఆరు నూర్లు" అన్నాను.

నలుగురూ పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. ఎవరూ బేరమాడలేదు. నన్ను ఇప్పటికీ కోసేది అదే. "నువ్వు పొయ్యి చూసిరా పోమ్మే. నువ్వు చూస్తే మేం చూసినట్లే" అన్నాడు తాత. ఒక్క టికెట్టు కొన్నారు. అవ్వ లోపలికి వెళ్లింది. మిగిలిన ముగ్గురూ గోడ నీడలో కూర్చున్నారు. ఆ ఆరు వందలకు నలుగురూ లోపలికి పోవచ్చని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని లోపలికి వెళ్లాను. అవ్వ అలల కొలను ఒడ్డున నిలబడి ఉంది. గంటకోసారి సైరన్ మోగుతుంది, మోటార్లు తిరుగుతాయి, అలలు లేస్తాయి. రోజూ చూసేదే. సైరన్ మోగింది. మొదటి అల లేచింది. అవ్వ రెండు చేతులూ జోడించింది.

"మరవ పారతాండాది... మరవ పారతాండాది..."

చెరువు నిండి నీళ్లు బయటికి పొర్లడాన్ని మా సీమలో మరవ పారడం అంటారు. మా ఊరి చెరువు మరవ పారడం నేను పుట్టాక చూడలేదు. అలా పారినప్పుడు ఊరంతా పసుపు కుంకుమలతో గంగమ్మకు ఎదురుపోయేవాళ్లని మా నాయన చెబితే విన్నానంతే. అవ్వ సంచిలోంచి సంతలో కొన్న పసుపు పొట్లం తీసి విప్పింది. నీళ్లలో చిటికెడు వేసింది. కసరడానికి వచ్చిన గార్డు కసరకుండానే ఆగిపోయాడు. కేరింతలు కొడుతున్నవాళ్లు కూడా పక్కకు జరిగి నిలబడ్డారు. రోజూ అమ్ముతున్న ఆ నీళ్లను నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఇన్ని నీళ్లు! ఈ గడ్డ మీద! అన్నం డబ్బా మూత తీయలేదు.

అప్పుడైనా వెళ్లి ఆ ముగ్గురినీ పిలవొచ్చు కదా? గేటు ఎంతో దూరం లేదు. ఎందుకు వెళ్లలేదు? మేనేజరు భయమని చాలాకాలం అనుకున్నాను. కాదు. పిలిస్తే, పొద్దున నేను ఆడింది అబద్ధమని వాళ్లకు తెలిసిపోతుంది. నా పరువు నిలబెట్టుకోవడానికి వాళ్లను గోడ బయటే వదిలేశాను.

సాయంత్రం అవ్వ బయటికి వచ్చింది. చీర కొంగు తడిసి ఉంది. తాత తలపాగా తీసి తల వంచాడు. ఆమె కొంగును ఆయన నెత్తిన పిండింది. తర్వాత కొడుకు నెత్తిన, కోడలి నెత్తిన. అల ఎంతెత్తు లేచిందో చేతులెత్తి చూపిస్తుంటే ముగ్గురూ నోళ్లు తెరుచుకొని విన్నారు. ఆ తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇంత గంగమ్మను చూపిచ్చి ఆరు నూర్లేనా నాయనా? మీకు గిట్టుబాటు అవుతాదా?"

వెటకారం కాదు. పంట ధర గురించి దిగులుపడినట్లు మా గురించి దిగులుపడి అడిగింది. నేను తల ఊపాను.

ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాను. వాళ్లది ఏ ఊరో అడగలేదు. తాత ఆ తర్వాతైనా అన్ని నీళ్లు చూశాడో లేదో తెలియదు. మీరు క్షమించినా అది చెల్లదు. ఆ హక్కు గోడ నీడలో కూర్చున్నవాళ్లది. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇప్పుడు ఇస్తున్నాను. గొంతు కాస్త తేలికపడింది, అంతే.

చూసేదానికి నూటయాభై, అవ్వా. మీ దుడ్లు నలుగురికీ సరిపోతాయి. రాండి.