ఒక జత ఎక్కువ

నా చిన్నప్పుడు, ఖతార్‌లోని దోహాలో, శుక్రవారం ఉదయం మా హాల్లో ఉండేవి ఇవి: పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు చాపలు, ఒక హార్మోనియం, మూసిన కర్టెన్లు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నర్సులు, డ్రాఫ్ట్స్‌మన్లు, వాళ్ళ పిల్లలు. కడప వైపు నుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవరు, అతని చెల్లెలు. మా అమ్మతో పాటు ఆస్పత్రిలో పనిచేసే ఒక నల్లజాతి అమెరికన్ నర్సు. తలుపు లోపలి పక్కన ఒక ఖాళీ బియ్యం సంచి.

తొంభైల నడిమి సంవత్సరాలవి. అప్పట్లో అక్కడ చర్చి కట్టనిచ్చేవారు కాదు, ప్రార్థన ఇళ్ళలోనే గుట్టుగా జరిగేది. గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు కనిపిస్తే లోపల కూటం ఉందని వీధికంతా తెలిసిపోతుంది. అందుకని అందరి చెప్పులూ సంచిలో వేసి మూతి కట్టేవాళ్ళం. ఆ పని నాది. నాకు తొమ్మిదేళ్ళు. మనుషుల్ని లెక్కపెట్టి, చెప్పుల జతలు లెక్కపెట్టి, రెండూ సరిపోయాయని చెబితే నాన్న హాజరు పుస్తకంలో రాసేవారు. “ఏం ఆఫీసరుగారూ, నా చెప్పులకి రసీదివ్వరా?” అని ఒక అంకుల్ ప్రతివారం నన్ను ఏడిపించేవాడు.

డ్రైవర్ మామ చెల్లెల్ని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె ఒక ఇంట్లో పనికి ఉండేది. శుక్రవారం రెండు గంటలు చుట్టాలింటికి వెళ్ళిరావడానికి ఆ ఇంటి మేడమ్ ఒప్పుకుంది. ప్రార్థన సంగతి అక్క చెప్పలేదు. పాటలు సరిగా రాకపోయినా అందరికంటే ఒక మాట వెనకగా, అందరికంటే గట్టిగా పాడేది. ఆమెవి నీలం పట్టీల రబ్బరు చెప్పులు.

జూన్‌లో ఒక శుక్రవారం సంచికి నేను కొత్త ముడి వేశాను. బడిలో నేర్చుకున్నది, లాగేకొద్దీ బిగుస్తుంది. పాట మధ్యలో వీధిలో హారన్ మోగింది. అక్కను దించే వీధి మలుపుకి గంట ముందుగా మేడమ్ తనే కారులో వచ్చింది. అక్క గబగబా తలుపు దగ్గరికి వచ్చింది. ముడి లాగాను, రాలేదు. పళ్ళతో లాగాను, రాలేదు. హారన్ మళ్ళీ మోగింది.

“కానీలే నాయనా, వచ్చేవారం తీసుకుంటాలే. యాడికి పోతాయి అవి!” అని నా తల నిమిరి, ఉత్త కాళ్ళతో ఎండలోకి పరుగెత్తింది. కాలిపోతున్న సిమెంటు మీద అరికాళ్ళు ఎత్తెత్తి వేస్తూ కారెక్కడం కర్టెన్ సందులోంచి చూశాను.

తర్వాతి రెండు వారాలు ఆమె రాలేదు. మూడో వారం డ్రైవర్ మామ ఒక్కడే వచ్చి, ప్రార్థన అయ్యాక నాన్న ముందు నిలబడ్డాడు.

“చెప్పుల్లేకుండా ఎవురింట్లోంచి ఉరికొస్తాండావని ఆ మేడమ్ అడిగిందంట సారూ. మన పేర్లు బయటికొస్తాయని మా చెల్లి నోరు తెరవలా. ఒక్కసారి ఫోన్ చేసి ఏడ్చింది, అంతే. గేటు కాడికి పోతే వాచ్‌మన్ మాఫీ మాఫీ, లేదు లేదు అంటాడు. వేరే ఇంటికి పంపించినారంట. ఏ ఇల్లో చెప్పడు. పాస్‌పోర్టు వాళ్ళ కాడే ఉండాది.”

ఫిర్యాదు చేద్దామంటే అతని పాస్‌పోర్టు కూడా అతని యజమాని దగ్గరే ఉంది. అతను అడిగింది ఒక్కటే: ప్రార్థనలో ఆమె పేరు చదవమని. ఊళ్ళో ఇలాంటి కూటాలు ఇంకా ఉన్నాయి, ఒకరి నుంచి ఒకరికి పాకితే ఎవరో ఒకరు ఆమెను చూసి ఉంటారని అతని ఆశ.

నాన్న హాజరు పుస్తకం మూసేశారు. “పేరు చదివితే ఈ ఇల్లు బయటపడుద్దయ్యా. ఇన్ని కుటుంబాల వీసాలు పోతాయి. నావల్ల కాదు,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “ఆ చెప్పులు కూడా తీసి పారెయ్యరా,” అన్నారు. నేను సంచిని రెండు చేతులతో పట్టుకుని కదల్లేదు.

అమెరికన్ ఆంటీ ఏం జరుగుతోందని అమ్మను అడిగింది. విన్నాక కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడింది. అమ్మ తెలుగులో చెబుతూ పోయింది. ఆమెది సిన్సినాటి, ఒహాయో నది ఒడ్డు. ఆమె అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టినప్పుడు నదికి ఆవలి ఒడ్డున మనుషుల్ని అమ్మేవారు, ఈవలి ఒడ్డున అమ్మకూడదు. ఆ పిల్లను తల్లి పడవలో దాటించింది. పెద్దకూతుర్ని యజమానులు అంతకుముందే దక్షిణానికి అమ్మేశారు. దాటినా భయం పోలేదు. పట్టుకుపోయేవాళ్ళు ఈ ఒడ్డుకీ వచ్చేవారు, నల్లవాళ్ళ ఇళ్ళ మీద గుంపులు పడేవి. బానిసత్వం పోయాక, తప్పిపోయినవాళ్ళ కోసం రాసిన ఉత్తరాలు నల్లవాళ్ళ చర్చిల్లో పైకి చదివేవారట. మా అక్క ఎవరికైనా కనబడిందా అంటూ ఆ పిల్ల పెద్దదై, ముసలిదై, పోయేదాకా చదివించింది.

“ఆ అక్క వచ్చిందా?” అని అడిగాను.

“రాలేదు,” అంది ఆంటీ.

ఆంటీ నాన్నతో, ఇక్కడిదీ అక్కడిదీ ఒకటేనని తాను అననని, ఆయన భయం మాత్రం తన ఊళ్ళో తాను ఎరిగిన భయమేనని చెప్పింది. తర్వాత నన్ను అడిగింది. “ఇవాళ మనుషులెంతమంది?”

“ఇరవై రెండు.”

“చెప్పులు?”

“ఇరవై మూడు జతలు.”

“పేరు చదవద్దు. ఆ రెండు అంకెలూ ప్రతివారం గట్టిగా చదవనివ్వండి,” అంది నాన్నతో.

నాన్న పుస్తకం తెరిచారు. మొదటిసారి రెండంకెలూ వేరువేరుగా రాశారు.

అప్పటి నుంచి ప్రార్థన చివర నేను లేచి చదివేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఎక్కువ జత ఎవరిదని అడిగేవారు. డ్రైవర్ మామ మెల్లగా చెప్పేవాడు. వాళ్ళు వేరే కూటాలకు మోసుకెళ్ళేవారు. ఒకసారి ఊరి బయట ఉమ్ సలాల్‌లో ఒక తోట ఇంటి మీద బట్టలారేస్తూ ఒక తెలుగు మనిషి కనిపించిందని కబురొచ్చింది. మామ వెళ్ళాడు. ఆమె వేరే ఊరి మనిషి. గోడ మీంచి తన పేరు, తన ఊరి పేరు చెప్పి, ఎవరికైనా చెప్పమని ఏడ్చిందట.

నేను ఉండబట్టలేక ఒకరోజు ఆంటీకి చెప్పేశాను, ఆ ముడి వేసింది నేనేనని. నీ తప్పు కాదని అంటుందనుకున్నాను. అనలేదు. “ముడి నువ్వే వేశావు. ఆ గేటుకి తాళం నువ్వు వెయ్యలేదు. రెండూ గుర్తుపెట్టుకో,” అంది.

గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు దోహా పక్కనే లుసైల్‌లో, ఒక బిల్డింగ్ సైట్‌లో సేఫ్టీ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. అగ్నిప్రమాద డ్రిల్ జరిగినప్పుడల్లా బయటికొచ్చిన మనుషుల్నీ, లోపలికెళ్ళేటప్పుడు వాళ్ళు బోర్డుకి తగిలించిన పేరు బిళ్ళల్నీ వేరువేరుగా లెక్కపెట్టిస్తాను. “రెండూ ఒకటే కదా సార్, యల్లా, పోదాం,” అని ఫోర్‌మన్ విసుక్కుంటాడు. రెండూ ఒకటి కాని రోజు నేను చూశానని అతనికి చెప్పలేదు. సంచి మూతికి జారుముడి తప్ప ఇంకో ముడి వెయ్యను.

మేము ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నీలం పట్టీల చెప్పులు మామకు ఇవ్వబోయాను. తీసుకోలేదు. “నీ కాడే ఉండనీ నాయనా. వచ్చి తీసుకుంటానని నీకే కదా చెప్పింది,” అన్నాడు. పట్టీలు పగిలిపోయాయి. నా దగ్గరే ఉన్నాయి. నాన్న హాజరు పుస్తకం కూడా ఉంది. చివరి పేజీలో చివరి శుక్రవారం లెక్క నా చేతిరాతలో ఉంది.

మనుషులు ఇరవై ఆరు. చెప్పులు ఇరవై ఏడు జతలు.