మోగుతున్న ఇనుప తాడు

తిల్కా అత్తకు ఎత్తంటే భయం. మా ట్రెంటా లోయలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ పిల్లలు నడక రాగానే కొండెక్కుతారు. పెళ్ళికొడుకు ఏయే శిఖరాలు ఎక్కాడో అడగందే సంబంధం కుదరదు. అత్త మాత్రం తను పనిచేసే బడి వంటగదిలో పైఅర మీది గిన్నె దించాలన్నా ఇంకొకరిని పిలిచేది. ఆ భయం వెనక కథంటూ ఏమీ లేదు. చిన్నప్పుడు ఎక్కడినుంచీ పడలేదు, పడినవాళ్ళనూ చూడలేదు.

"కొందరికి కుక్కలంటే భయం, కొందరికి చీకటంటే భయం. నాకు కింద లోతు కనపడితే కాళ్ళు నీరుగారిపోతాయి. అంతే," అనేది.

ఆవిడ మా మేనమామ ద్రాగో భార్య. మామ కొండదారుల్లో దారి గుర్తుగా రాళ్ళ మీద ఎర్ర వలయాలు వేసి, మధ్యలో తెల్లచుక్క పెట్టే జట్టులో ఉండేవాడు. ఆయన పైకి వెళ్ళిన ఆదివారాలు అత్త కిటికీ దగ్గర కూర్చుని మేజోళ్ళు అల్లేది. ఆయన బూట్ల చప్పుడు గుమ్మంలో వినపడేదాకా అల్లిక ఆగేది కాదు. మా ఇంట్లో అందరికీ కావలసినన్ని మేజోళ్ళు ఉండేవి.

మామకు చెల్లెలు మా అమ్మ పావ్లా. అమ్మకు భయమంటే ఏమిటో తెలియదు. వదిన భయం ఆమెకు ఆటవస్తువు.

"వదినా, నిన్న కుర్చీ ఎక్కి బల్బు మార్చావట గదా! నడుముకు తాడు కట్టుకున్నావా లేదా?"

"కట్టుకున్నాన్లే. నీ నోటికి కట్టడానికి కాస్త మిగిల్చాను కూడా."

అప్పటికి చేతి ఫోన్లు మా లోయకు రాలేదు. ఒక జూలైలో అమ్మ పట్టుబట్టింది. పైన పచ్చిక బయల్లో మూర్కా పూలు విరగబూశాయట. ముదురు ఎరుపులో, దగ్గరికెళితే చాక్లెట్ వాసన వేసే చిన్న పూలు అవి. కోయకూడదు, వాసన చూసి రావాలంతే.

"అంతా పచ్చికే వదినా. లోతన్నది కనపడదు. నీ అన్నం తిన్న నోటితో అబద్ధమాడతానా?"

"నా అన్నం తింటూనే నువ్వు చాలా ఆడావు," అంది అత్త. కానీ వెళ్ళింది.

బయలు అమ్మ చెప్పినట్టే ఉంది. నీలి గంటపూలు, పసుపు పూలు, వాటి మధ్య మూర్కాలు. అత్త మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పువ్వుకూ ముక్కు ఆనించింది. బండల దగ్గర ఉడత జాతి మార్మట్‌లు, పిల్లుల కన్నా లావుగా, వెనక్కాళ్ళ మీద నిలబడి వీళ్ళను చూస్తున్నాయి. ఉన్నట్టుండి వాటిలో ఒకటి ఈల వేసింది. తర్వాత అన్నీ వేశాయి. మరుక్షణం ఒక్కటీ లేదు, అన్నీ బొరియల్లోకి దూరాయి.

"దేన్ని చూశాయి?" అంది అత్త.

అమ్మ లోయవైపు చూసింది. లోయ లేదు. తెల్లటి పొగమంచు చప్పుడు లేకుండా పైకి పాకుతోంది. దాని వెనక ఎక్కడో ఉరిమింది.

"వెనక్కి పోదాం పావ్లా."

"దిగేసరికి వాన నడిదారిలో పట్టుకుంటుంది. కొండ బస ఆ మలుపు అవతలే. బస చూసుకునే వింకో దగ్గర వేడిగా జోతా పులుసు తాగి కూర్చుందాం. రా."

మలుపు ముందు ఒక ఇరుకు గండి ఉంది. అందులో ఎక్కుతుండగా పైన మంచులో డెక్కల చప్పుడైంది. కొండమేకల మంద దాటుతోంది. ఒక పెద్ద పోతు, వంపు తిరిగిన కొమ్ములతో, క్షణంసేపు కనపడి మాయమైంది. దాని కాళ్ళ కింద కదిలిన రాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. అత్త రాతిగోడకు అతుక్కుపోయింది. అమ్మ తప్పుకునేలోగా ఒక రాయి ఆమె కాలికి తగిలింది.

ఎముక విరిగిన చప్పుడు తాను విన్నానని అత్త ఎన్నో ఏళ్ళు చెప్పింది. అమ్మ అరవలేదు. అదే అత్తను ఎక్కువ భయపెట్టింది. ముఖం పాలిపోయి, పళ్ళు కొట్టుకుంటూ, అమ్మ తన కాలివైపు చూడకుండా ఆకాశంవైపు చూస్తోంది. రక్తం మేజోడులో నుంచి కారుతోంది. అత్త తలగుడ్డ విప్పి బిగించి కట్టింది. తన కోటు తీసి కప్పింది. వాన మొదలైంది.

"వదినా, నువ్వు వెళ్ళాలి."

"కిందికా?"

"కిందికి వెళ్ళొచ్చేసరికి నేనుండను. బసకే వెళ్ళు. అంచుదారి దాటితే వచ్చేస్తుంది."

"నావల్ల కాదు. నన్ను చంపెయ్, నావల్ల కాదు."

అమ్మ ఆ రోజు వదినను వెక్కిరించలేదు. చెయ్యి పట్టుకుని, "నాకు భయంగా ఉంది తిల్కా," అంది. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

అంచుదారి అంటే కొండగోడకు చెక్కిన అడుగు వెడల్పు మెట్టు. పట్టుకోవడానికి గోడకు ఇనుప తాడు బిగించి ఉంటుంది. అత్త గండి దాటి దాని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. తాడు మోగుతోంది. తుమ్మెద రొదలాంటి సన్నటి చప్పుడు. చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పిడుగు పడబోయే ముందు ఇనుము అలా మోగుతుందని, ముట్టుకోకూడదని మామ ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాడు. పట్టుకోవడానికి ఉన్నది అదొక్కటే. దాన్నే ముట్టుకోకూడదు.

ఆవిడ బోర్లా పడుకుంది. తాడుకు తగలకుండా, పొట్ట మీద పాకింది. ఎడమ మోచెయ్యి గాల్లో ఉంది. మంచులో లోతు కనపడదు గానీ, తన చేతికి తగిలి జారిన గులకరాయి కింద తగిలిన చప్పుడు ఎంతకీ రాలేదు. అక్కడ ఏడ్చింది. మరియమ్మను పిలిచింది, ఆవిడ పలకకపోతే ద్రాగోను తిట్టింది. ఒకచోట శరీరం కదలనంది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. వెనక, గండిలోంచి అమ్మ దగ్గు వినిపించింది. మళ్ళీ పాకింది. పిడుగు కొండ అవతల పడింది. తెల్లటి వెలుగులో ఒక్క క్షణం అంతా కనపడింది. ఏం కనపడిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

వింకో తలుపు తీసేసరికి మోకాళ్ళు, మోచేతులు చీరుకుపోయిన ఆడమనిషి గుమ్మంలో పడి ఉంది. "పావ్లా గండిలో ఉంది" అన్న ఒక్కమాటే మళ్ళీమళ్ళీ అంటోంది. ఆయన వైర్‌లెస్‌లో కిందికి కబురు పంపి, బసలో ఆగిన ఇద్దరు నడకవాళ్ళతో బయలుదేరాడు. మంచులో హెలికాప్టర్ రాలేదు. పిడుగులు ఆగాక అమ్మను మోసుకుని దిగారు. ఆసుపత్రిలో కాలు నిలబడింది గానీ కాస్త పొట్టిదైంది.

అత్తను దించడం అంతకంటే కష్టమైంది. ఆ దారిన రానంది. మామ పైకి వెళ్ళి, అవతలి అడవిదారి గుండా, రెండు లోయలు చుట్టి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆయన చెయ్యి వదల్లేదట.

ఊరంతా పొగిడింది. రొట్టెల దుకాణంలో ఎవరో, "ఇక నీకు భయం పోయినట్టేగా తిల్కా?" అన్నారు.

"పోవడమా? ఇదివరకు ఏమవుతుందోనని భయం. ఇప్పుడు ఏమవుతుందో తెలుసు."

ఆ తర్వాత అత్త కొండవైపు అడుగు వెయ్యలేదు. ఆ వేసవంతా నిద్రలో పరుపు అంచులు గట్టిగా పట్టుకునేదని మామ చెప్పేవాడు. ఉరుములు మొదలైతే మా అమ్మ కుంటుకుంటూ వీధి దాటి వాళ్ళింటికి వెళ్ళేది. ఇద్దరూ వంటింట్లో, పొయ్యికి దూరంగా, ఇనుము తగలని బల్ల మీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. అమ్మ అలవాటు కొద్దీ ఏదో ఒక ఎగతాళి మొదలుపెట్టేది. తర్వాతి ఉరుముకు తనే ముందు ఉలిక్కిపడేది.