తలాపున తిరిగే ఫ్యాను

1989 మే నెల, కామాటిపుర పదో గల్లీ, మధ్యాహ్నం పన్నెండున్నర. కూలి కుటుంబాల వరస గదులున్న మూడంతస్తుల చాల్‌లో పై అంతస్తు, పద్దెనిమిదో ఖోలి. ఖోలి అంటే ఒక్క గది. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది. అందులో ఉన్న మనుషులు: కంప్యూటరు ముందు సరోజ, గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తున్న ఆమె నాయనమ్మ, టేబుల్ పక్కన చాప మీద పడుకున్న తండ్రి పోశయ్య కాక. ఉన్న వస్తువులు: ఒక స్టవ్వు, రెండు నీళ్ల డ్రమ్ములు, ఒక ఇనుప బీరువా, నెత్తిన ఒక సీలింగ్ ఫ్యాను, టేబుల్ మీద ఏటీ అనే అప్పటి మోడల్ కంప్యూటరు, మూత తీసిన దాని డబ్బాలోకి గాలి కొడుతున్న ఒక టేబుల్ ఫ్యాను. నాలుగో మనిషిని నేను. నా దగ్గర ఒక టూల్ కిట్టు, ఒక ల్యాబ్ థర్మామీటరు, ఒక నోటుబుక్కు.

రాత్రంతా పనిచేసి వచ్చిన పోశయ్య కాక కళ్లు తెరిచే ఉన్నాయి.

నేను పక్క గల్లీలో పుట్టి పెరిగాను. ఇండస్ట్రియల్ ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, లామింగ్టన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో చేరి అప్పటికి రెండేళ్లు. సరోజ ఒక వ్యాపార డైరెక్టరీ తయారుచేసే చిన్న ఆఫీసులో చిరునామాలు టైపు చేసేది. ఆఫీసు ఉన్న పాత భవనానికి మరమ్మతు మొదలవడంతో, అది పూర్తయ్యేదాకా కంప్యూటరును సరోజ గదిలో పెట్టారు. అది వచ్చిన రెండో వారం నుంచే గొడవ. మధ్యాహ్నం అయ్యేసరికి తెర బిగుసుకుపోయేది. దీన్ని మేం హ్యాంగ్ అంటాం: యంత్రం చెడిపోదు, కాని ఏ మీట నొక్కినా పలకదు.

“బంద్ చేసి మళ్ల చాలూ చేస్తే అప్పటిదాకా కొట్టింది గాయబ్, విజయన్నా,” అంది సరోజ. “ఈ టేబుల్ ఫ్యాన్ పెడితే హ్యాంగ్ అయితలేదు. నేను లేచినప్పుడల్లా బంద్ చేస్తున్న, అయినా దీని ఆవాజ్‌కు నాన్నకు నిద్ర వస్తలేదు.”

“నా సంగతి ఇడిచిపెట్టు బిడ్డా, మశీన్‌ను చూడు,” అన్నాడు పోశయ్య కాక, పడుకునే.

గడప దగ్గర నుంచి అవ్వ అందుకుంది. “ఎట్ల ఇడిచిపెడ్తర్రా? మొన్న విన్చి మీద కునుకు తీసినవంట గదా!”

“కునుకు గాదే అవ్వా. కన్ను మూసి తెరిచిన, అంతే.”

“నువ్వు తెరిచేలోపల బకెట్ కిందికొచ్చింది. నీ కన్ను అంత పెద్దదా?”

ఎవరూ నవ్వలేదు. పోశయ్య కాక ఒక పెద్ద కట్టడం దగ్గర రాత్రి షిఫ్టులో విన్చి నడుపుతాడు. విన్చి అంటే కాంక్రీటు బకెట్లను తాడుతో పై అంతస్తులకు ఎత్తే యంత్రం. ఆ బకెట్ల కింద మనుషులు తిరుగుతుంటారు. మొన్న జారిన బకెట్ ఎవరి మీదా పడలేదు, అది అదృష్టం. ఇంకోసారి ఇలా అయితే విన్చి మీద కూర్చోనివ్వనని సూపర్‌వైజర్ చెప్పాడట.

సరోజ నన్ను వరండాలోకి తీసుకొచ్చి గొంతు తగ్గించింది. “ఇంకొక్క వారం చూస్త అన్నా. కాకపోతే మశీన్ తీస్కపొమ్మని సేఠ్‌కు చెప్త. నౌకరీ పోతే పోనీ. రేపు ఎవని మీదనన్నా బకెట్ పడితే నేను బతుకుతనా?”

గదిలోకి తిరిగొచ్చి టేబుల్ ఫ్యాను ఆపి, ఒక గంట మామూలుగా పని చేయించాను. తర్వాత ప్రాసెసర్ మీద వేలు పెట్టాను. ప్రాసెసర్ అంటే లెక్కలన్నీ చేసే చిప్పు. చూడటానికి క్యారమ్ స్ట్రైకర్ అంత ఉంటుంది. దాని మీద వేలు పెట్టి ఐదు లెక్కపెట్టగలిగితే ఫరవాలేదన్నది మా దుకాణంలో మొరటు పరీక్ష. నేను రెండు దగ్గరే వేలు తీసేశాను. డబ్బా వెనక, పవర్ సప్లైలో, ఒక చిన్న ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కాని దాని గాలి ఈ మూలకు అందడం లేదు. పైన రేకుల కప్పు. మే నెల.

“మనిషికి ఉక్కపోస్తే చెప్తడు. దీనికి ఉక్కపోస్తే మొండికేస్తది. అంతేనా?” అంది అవ్వ.

అంతే.

కావలసినవి రెండు. మొదటిది హీట్ సింక్: దువ్వెన పళ్లలాంటి రెక్కలున్న అల్యూమినియం దిమ్మ. చిప్పులోని వేడి రెక్కల్లోకి పాకి, అక్కడి నుంచి గాలిలో కలుస్తుంది. చిప్పుకూ దిమ్మకూ మధ్య తెల్లటి పేస్టు పలచగా రాయాలి, లేకపోతే మధ్యలో మిగిలిన గాలి పొర వేడిని కదలనివ్వదు. దిమ్మను పాత యాంప్లిఫయర్‌లోంచి కోసి నేనే చేసుకున్నాను.

రెండోది ఫ్యాను. దాని కోసం రెండు సాయంత్రాలు లామింగ్టన్ రోడ్డూ, నాగ్‌పాడా అవతలి పాత సామాన్ల బజారూ తిరిగాను. దొరికినవి మూడు రకాలు. నేరుగా ఇంటి కరెంటుతో నడిచే ఇనుప ఫ్యాను: గాలి ఎక్కువ, కాని ఒళ్లంతా వణుకు. పన్నెండు వోల్టుల కొత్త ఫ్యాను, ఇరుసు బాల్ బేరింగుల మీద తిరిగేది: చాలా కాలం మన్నుతుంది, కాని గోలీలు దొర్లినట్టు సన్నగా గలగలమంటుంది. పన్నెండు వోల్టులదే, స్లీవ్ బేరింగుది: ఇరుసు నూనె పట్టిన గొట్టంలో తిరుగుతుంది కాబట్టి ఆ గలగల ఉండదు. బజారు రొదలో చప్పుడు పోల్చడం చెవితో అయ్యే పని కాదు. చెక్క స్కేలు ఒక కొసను ఫ్యాను చట్రానికీ, రెండో కొసను చెవి వెనక ఎముకకూ ఆనించి విన్నాను. దుకాణాయన నన్ను చూసి “క్యా భాయ్, ఫ్యాన్‌కు జ్వరమొచ్చిందా?” అన్నాడు. పదకొండు ఫ్యాన్లు విని, ఒక స్లీవ్ బేరింగు ఫ్యాను తీసుకున్నాను. చట్రం వణుకు డబ్బాకు ఎక్కకుండా సైకిల్ ట్యూబు ముక్కలు కోసి మధ్యలో పెట్టాను.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఇంకో మెట్టు ఎక్కాను. థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది; వేడిని బట్టి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. దాన్ని హీట్ సింక్‌కు అంటించి, ఒక రిలేకు కలిపాను. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి. దిమ్మ అరవై డిగ్రీలు చేరగానే ఫ్యాను తిరుగుతుంది, యాభై రెండుకు దిగగానే ఆగిపోతుంది. కొలిస్తే గంటలో ఇరవై నిమిషాలకు మించి తిరగడం లేదు. మిగతా నలభై నిమిషాలు దాని చప్పుడు లేనే లేదు. ఇంతకన్నా నిశ్శబ్దమైన కూలర్ ఉండదని నోటుబుక్కులో రాసి, కింద గీత కూడా గీశాను.

మూడో రోజు సరోజ మా దుకాణానికి వచ్చింది.

“మశీన్ మస్తుగుంది అన్నా, ఒక్కసారి గూడ హ్యాంగ్ కాలే. నాన్న ఇంకా ఖరాబైండు. టేబుల్ ఫ్యానే నయముండె అంటున్నడు.”

నాకు రోషం వచ్చింది. టేబుల్ ఫ్యాను చప్పుడులో పదో వంతు కూడా ఉండదు నాది. ఆ సోమవారం దుకాణానికి సెలవు పెట్టి, ఉదయం తొమ్మిదిన్నరకు నోటుబుక్కూ గడియారమూ పట్టుకుని ఆ గదిలో బీరువాకు ఆనుకుని కూర్చున్నాను. ఎన్నో గదుల్లో పనిచేశాను గాని, నిద్రపోతున్న మనిషిని చూడటమే పనిగా కూర్చున్నది ఆ ఒక్కరోజే.

పోశయ్య కాక తల కంప్యూటరు డబ్బాకు రెండడుగుల దూరం. కిటికీకి కట్టిన పాత చీర గాలికి లోపలికి ఉబ్బి, మళ్లీ వెనక్కి పోయేది. అలా ఉబ్బినప్పుడల్లా గది గులాబీ రంగుకు తిరిగేది. కాక మొహం కూడా. సరోజ టైపు చేస్తున్న చప్పుడు రేకు మీద సన్నటి వానలా ఉంది. కింద రేకు పెట్టెలు చేసేవాళ్ల సుత్తి దెబ్బలు ఎక్కడో అడుగున, నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి. కాకను లేపని చప్పుళ్లను రాసుకుంటూ పోయాను: సుత్తి, బస్సు హారను, పావురాలు, సీలింగ్ ఫ్యాను కిర్రు, పక్క ఖోలిలో రేడియో, మెట్ల మీద పిల్లల పరుగు, అవ్వ దగ్గు. జాబితా సగం పేజీ నిండింది. గది మొత్తం ఒక పడవలా మెల్లగా ఊగుతున్నట్టూ, మేమందరం దానిలో ఎటో పోతున్నట్టూ అనిపించింది. నా కళ్లు మూతపడుతున్నాయి.

పదీ పదికి రిలే టక్కుమంది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. కాక కదల్లేదు. ఏడు నిమిషాల తర్వాత రిలే మళ్లీ టక్కుమంది, ఫ్యాను ఆగింది. కాక కుడి చేయి చాప మీంచి లేచింది. గాలిలో దేన్నో పట్టుకుని గట్టిగా కిందికి లాగింది. ఆ ఊపుకు ఆయన ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, మళ్లీ పడుకున్నాడు.

రిలే చప్పుడే కారణమనుకుని, ఆ రిలేకు స్పాంజి చుట్టాను. టక్కు వినబడటం మానేసింది. ఇంకో పావుగంటకు ఫ్యాను ఆగింది. చేయి లేచింది. ఒంటిగంటలోపు ఫ్యాను మొత్తం తొమ్మిదిసార్లు మొదలై, తొమ్మిదిసార్లు ఆగింది. మొదలైనప్పుడు కాక ఒక్కసారీ కదల్లేదు. ఆగినప్పుడు ఎనిమిదిసార్లు చేయి లేచింది, ఆరుసార్లు పూర్తిగా మేలుకున్నాడు.

ఆరోసారి మేలుకున్నప్పుడు ఇక ఉండబట్టలేక అడిగాను. “కాకా, నిద్రల దేన్ని గుంజుతున్నవ్?”

“నేనేం గుంజిన?”

“ఏం గుంజుతడు, బ్రేకు గుంజుతడు,” అంది అవ్వ, తల ఎత్తకుండా. “మోటర్ బంద్ అయిందంటే చెయ్యి బ్రేకు మీదికి పోవాలె. పోకపోతే బకెట్ ఎనక్కి జారుతది. పద్దెనిమిదేండ్ల సంది అదే పని. నువ్వేమో వాని తలాపున మోటర్ పెట్టి, గడియకోసారి బంద్ చేస్తున్నవ్. వాడు పండుకున్నడా, డ్యూటీల ఉన్నడా?”

నేను నోటుబుక్కులో ఫ్యాను ఆగిన వేళలను మళ్లీ చూసుకున్నాను.

“ఏం సదువు రా నీది? మేం కాంక్రీటు మోసేటప్పుడు మిక్సర్ పక్కకే చీరతోటి ఉయ్యాల కడుతుంటిమి. మిక్సర్ గరగర తిరుగుతుంటే పోరగాండ్లు హాయిగ పండేది. అది ఆగిందో, అందరు ఒక్కసారే లేసి ఏడుసుడు. వీడు గూడ గట్లనే పెరిగిండు.”

“అవ్వా, నా చిన్నప్పటి ముచ్చట్లు కాయ్‌కు?” అన్నాడు పోశయ్య కాక. కాని తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంటున్నాడు. “నేను లేస్తున్నననుకున్న గని, ఎందుకు లేస్తున్ననో నాకు ఎరుక లేదు బిడ్డా.”

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, కాక డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుండగా, రిలేనూ థర్మిస్టర్‌నూ పీకేశాను. ఫ్యానును నేరుగా కలిపితే గాలి చప్పుడు కొంచెం ఎక్కువే. కాబట్టి మధ్యలో నలభై ఏడు ఓముల రెసిస్టర్ పెట్టాను. అది కరెంటును కొంత అడ్డుకుని వేగం తగ్గిస్తుంది. పన్నెండు వోల్టుల ఫ్యానుకు ఎనిమిది అందుతాయి. నెమ్మదిగా తిరుగుతుంది, కాని ఆగదు. దిమ్మ వేడి యాభై ఏడు డిగ్రీల దగ్గర నిలబడింది. మూడు గంటల ఎండలో కూడా యాభై తొమ్మిది దాటలేదు. సరోజకు ఒక్క నియమం చెప్పాను: అన్నానికి లేచినా సరే, నాన్న నిద్ర లేచేదాకా కంప్యూటరు ఆపొద్దు.

“నేను ఆపిననుకో, బ్రేకు నా జుట్టు మీద పడ్తది,” అంది సరోజ. ఆ గదిలో ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

కాక పడుకున్నాక నేను దుకాణానికి పోయాను. రెండింటిదాకా సరోజ నోటుబుక్కులో రాసింది, తర్వాత నేను వచ్చి కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేదు. కీబోర్డు వాన కురుస్తూనే ఉంది. చీర ఉబ్బింది, గది గులాబీ రంగుకు తిరిగింది. ఫ్యాను చప్పుడును విందామని చెవి పెట్టాను. కొంతసేపటికి అది ఫ్యానుదో, సీలింగ్ ఫ్యానుదో, కాక ఊపిరిదో విడదీయలేకపోయాను.

ఈ కేసు తర్వాత ఒక ఫ్యానును ఎంచే ముందు వేసుకునే ప్రశ్నల జాబితాను మార్చుకున్నాను. అంతకుముందు అందులో ఐదు ఉండేవి: ఎంత వేడి, ఎంత చోటు, ఎన్ని వోల్టులు, ఏ బేరింగు, ఎంత చప్పుడు. చప్పుడు ఎంత అన్నది కొలవగలం కాబట్టి దాన్నే కొలిచాను. అది మారుతుందా, మారితే పక్కనున్న మనిషి ఒంట్లో ఏం లేస్తుంది అన్నది ఫ్యాను కొలతలు రాసి ఇచ్చే ఏ డేటా షీటులోనూ ఉండదు. యంత్రం ఎవరి పక్కన ఉండబోతోంది, ఆ మనిషి ఏం పని చేస్తాడు అన్న ప్రశ్నను ఇప్పుడు అన్నిటికన్నా పైన రాసుకున్నాను. పద్దెనిమిదో ఖోలికి నేను చివరికి ఎంచినది నా రెండు ఏర్పాట్లలో ఎక్కువసేపు చప్పుడు చేసేది.

ఆ మంగళవారం పోశయ్య కాక తొమ్మిదింబావుకు పడుకుని నాలుగూ ఐదుకు లేచాడు. నిద్ర ఆరు గంటల యాభై నిమిషాలు. చేయి లేచినది సున్నా సార్లు.