మిషనక్క వేలు దించిన వైనం

"అదేం తమ్ముడూ, మూగనోము పట్టినట్టు అలా నిలబడ్డావు? మిషన్ బల్ల మీద పెట్టి కూర్చో. ఏమైందో చెప్పు."

పుస్తకాల బైండింగు చేసే తమ్ముడు రెండు చేతులా మోసుకొచ్చిన కుట్టుమిషన్‌ని బల్ల మీదికి దించాడు. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకున్నాడు. అయినా నోరు విప్పలేదు. కుట్టుమిషన్లు బాగుచేసే మిషనక్క కళ్ళజోడు పైకి నెట్టి చూసేసరికి నసుగుతూ అన్నాడు.

"చెప్పమంటారా నిజంగా? పోయినసారి వచ్చినప్పుడు 'సూది' అన్నాను, వేలెత్తారు. మళ్ళీ నేను నోరెత్తింది ఇంటికెళ్ళాకే."

మిషనక్క పకపకా నవ్వింది. "ఆ వేలు ఎప్పుడో దిగింది నాయనా. మా ఆడపడుచు దించేసింది. నీకు తెలీదు కదూ? కింద కొట్టు ఉన్నప్పుడు వచ్చినవాడివి, మళ్ళీ ఇదే రావడం. ఆ కుర్చీ ఇలా లాక్కో, చెబుతా."

వేలు సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మిషనక్కకు పని నేర్పింది తండ్రి. ఆయన బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కు. వందల మిషన్లు ఒక్కసారి నడిచే హాల్లో మనిషి గొంతు చించుకున్నా వినబడదు. అందుకని ఆయన మనుషుల్ని వదిలేసి మిషన్లని వినడం అలవాటు చేసుకున్నాడు. చూపుడువేలు పైకెత్తితే పక్కవాళ్ళంతా చేతులు ఆపి పక్కకి తప్పుకోవాలి. ఆయన చెవి ఆనించి, చక్రం ఒక చుట్టు తిప్పి, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. "మనిషి మాట ఊరంతా తిరిగొస్తుంది, మిషన్ మాట సూటిగా వస్తుంది" అనేవాడు. కూతురు ఆ మాటనీ, ఆ చెవినీ, ఆ వేలునీ పుణికిపుచ్చుకుంది. కొట్టుకి ఎవరొచ్చినా సరే, "ఏమైందంటే" అని మొదలుపెట్టగానే వేలు లేచేది. వాళ్ళు గుటక మింగి ఊరుకునేవాళ్ళు. పని బాగా చేస్తుంది కనక ఎవరూ ఏమీ అనుకోలేదు.

కొట్టు రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ అలాగే నడిచింది. తర్వాత ఇంటాయన ముందు గది కళ్ళద్దాల దుకాణానికి ఇచ్చి, ఆవిడని మేడ మీద వెనక గదికి మార్చాడు. గది చెడ్డదేం కాదు. కిటికీ నిండా వెలుతురు, సామాను పెట్టుకోవడానికి గోడంతా అరలు. కానీ రోడ్డు మీద నడిచేవాడికి అక్కడ ఒక గది ఉన్నట్టే తెలియదు. బోర్డు ఉందంటే ఉంది, డ్రైనేజీ గొట్టం వెనకాల. మెల్లగా మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అదే సమయంలో పెద్దరోడ్డు షోరూమువాళ్ళు కబురు పెట్టారు. జీతం, తిరిగే కుర్చీ, చల్లటి గది. పని కూడా తేలికే. పాత మిషన్లు పట్టుకొచ్చినవాళ్ళకి "ఇది ఇక బాగుపడదమ్మా" అని చెప్పి, కొత్తవి ఉన్న వైపు చెయ్యి చూపించాలి.

"బాగుపడేదాన్ని బాగుపడదని చెప్పడానికి నాకెందుకు జీతం? అది పని రానివాళ్ళు ఎవరైనా చెబుతారు" అంది మిషనక్క. అంది గానీ, ఇంట్లో కూర్చుని ఆలోచించాక ఆ మాటలో బింకం తగ్గింది. చివరికి మొగుడితో ఒక ఒప్పందానికి వచ్చింది. వానలు మొదలయ్యేలోగా మెట్లెక్కేవాళ్ళు రాకపోతే గదికి తాళం వేసి షోరూములో చేరడం.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. "ఇంకా టైముందిలే, బండి కదల్లేదు" అన్నాడు.

ఇక్కడే ఆడపడుచు రంగంలోకి దిగింది. ఆయన చెల్లెలు. ప్రయాణాల ఏజెన్సీ ఒకదానిలో వాళ్ళ వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగం. "వదినా, రోడ్డు మీద నువ్వు కనబడకపోతే ఏం, జనం ఇప్పుడు రోడ్డు మీద వెతుకుతున్నారా? ఫోనులో వెతుకుతున్నారు. అక్కడ కనబడు" అని ఒక బ్లాగు తెరిచి ఇచ్చింది.

మిషనక్క శ్రద్ధగా రాసింది. ఒక్కో రిపేరూ ఒక్కో పేజీ. పేర్లు కూడా ఘనంగా పెట్టింది: షటిల్ టైమింగు సవరణ, టెన్షన్ స్ప్రింగు మార్పిడి. వారం తిరిగాక ఆడపడుచు లెక్కలు తెరిచి, "పరవాలేదే, రోజూ ఎవరో నాలుగైదుసార్లు చూస్తున్నారు" అంది.

"మీ అన్నయ్యే" అంది మిషనక్క. "టీ తాగినప్పుడల్లా చూస్తారు."

"మధ్యలో కొత్తవి ఏమైనా పెట్టావేమోనని" అన్నాడాయన.

ఉత్త రాతలతో కాదు, వీడియో పెట్టాలంది ఆడపడుచు. వీడియో ఉంటే వచ్చినవాళ్ళు పేజీలో కాసేపు కూర్చుంటారు, ఫోనులో వెతికిపెట్టే యంత్రం అది గమనించి పేజీని పైకి జరుపుతుంది. సరేనని మొదటి వీడియో తీశారు. ఫోను పట్టుకున్నది కండక్టరుగారే. ఏళ్ళ తరబడి కుదుపుల్లో నిలబడ్డ మనిషి కదా, చెయ్యి వణకలేదు. కానీ భార్య తల వెలుతురుకి అడ్డొచ్చినప్పుడల్లా "కాస్త ముందుకు జరగండమ్మా" అనకుండా ఉండలేకపోయాడు. అయిపోగానే "రైట్" అన్నాడు. అవన్నీ వీడియోలో పడ్డాయి.

వీడియోల సైటులో దాన్ని ఎక్కించి, బ్లాగులో లంకె ఇచ్చింది మిషనక్క. ఆడపడుచు తల పట్టుకుంది. "ఇంటికొచ్చిన చుట్టానికి పక్కింటి గుమ్మం చూపించినట్టుంది వదినా. లంకె నొక్కి అక్కడికెళితే అక్కడ పిల్లికూనలుంటాయి, డాన్సులుంటాయి. ఇక నీ దగ్గరికి తిరిగొస్తారా? వీడియోని ఈ పేజీలోనే పొదగాలి."

"కోడిలాగానా?" అన్నాడు అన్నయ్య.

"ఉంగరంలో రాయిలాగా. నువ్వు టీ తాగు."

పొదిగారు. పేజీ తెరిస్తే పైనే వీడియో, అక్కడే నడుస్తుంది. అయినా మెట్ల మీద చప్పుడు లేదు. పైగా వీడియో కింద ఎవరో రాశారు: సౌండు రావడం లేదు. ఇంకొకరు రాశారు: ఈవిడ నన్ను ఎందుకు బెదిరిస్తున్నారు?

ఆడపడుచు అప్పుడు కూర్చుని వీడియో మొదటినుంచీ చూసింది. మొదట్లోనే మిషనక్క సూటిగా చూసేవాళ్ళ కళ్ళలోకి చూసి చూపుడువేలు ఎత్తింది. ఆ తర్వాత ఒక్క మాట లేదు. చక్రం తిరిగిన చప్పుడు, స్క్రూ విప్పిన చప్పుడు, మధ్యలో "ముందుకు జరగండమ్మా."

"వదినా, ఇదేంటి?"

"వినమని చెప్పాను. ఆ కటకట వింటే తెలిసిపోవట్లా?"

"నీకు తెలుస్తుంది. చూసేవాళ్ళు ఫోను పాడైందనుకుంటున్నారు. వెతికిపెట్టే యంత్రం సంగతి ఇంకా అన్యాయం. లోపలి బొమ్మ దానికి సరిగా అర్థం కాదు, చుట్టూ రాసిన అక్షరాలు చూసి ఊహిస్తుంది."

"డబ్బా మీద చీటీ చదివి లోపల ఉప్పో పంచదారో చెప్పినట్టన్నమాట."

"అంతే. నీ చీటీ మీద ఏముంది? షటిల్ టైమింగు సవరణ. కడుపునొప్పి వచ్చినవాడు కడుపునొప్పనే వెతుకుతాడు గానీ లోపలి పేగు పేరు పెట్టి వెతుకుతాడా? నీ దగ్గరికొచ్చేవాళ్ళు వాళ్ళ మిషన్ గురించి ఏమంటారో, అది పెట్టు పేరుగా."

 వాళ్ళేమంటారో మిషనక్కకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కరి మాటా పూర్తిగా విన్న పాపాన పోలేదు.

ఆకాశంలో అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి. షోరూము మేనేజరమ్మ ఫోన్ చేసి, "కుర్చీ తెప్పించేశామండీ" అంది మర్యాదగా.

మర్నాడు బడిసంచులు కుట్టే ఆవిడ మిషన్ పట్టుకుని మెట్లెక్కింది. కొత్త గది తెలిసిన కొద్దిమందిలో ఆవిడొకతె. అదే మిషన్ అంతకుముందు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మిషనక్క విప్పి, జిగురు పట్టిన లోపలి భాగాలన్నీ కడిగి, నూనె వేసి పంపింది. మళ్ళీ అదే జబ్బు. ఆవిడ "చూడమ్మా" అనగానే అలవాటుగా వేలు లేచింది. సెలవుపెట్టి వచ్చి కూర్చున్న ఆడపడుచు లేచి, వదిన చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టింది.

"ఇవాళ ఒక్కరోజు దించు. మీరు చెప్పండి పిన్నిగారూ."

ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత గేటు ఎత్తిన కాలవలాగా పారింది. "ఏం చెప్పమంటావమ్మా, పొద్దున మొరాయిస్తుంది. చక్రం తిప్పుదామంటే నా భుజం ఊడొస్తుంది. తిడతాను, వినదు. మధ్యాహ్నానికి దానికే బుద్ధొచ్చి మేకపిల్లలా నడుస్తుంది. అచ్చం మా రెండోవాడి పోలిక. పోనీ నేనేమైనా లోటు చేశానా? ఒక్కరోజు తప్పకుండా నూనె వేస్తున్నాను."

"నూనె వేస్తున్నారా? ఏ నూనె?" అంది మిషనక్క.

"ఏ నూనె ఏమిటి? వంటింట్లోదే. మేం తినే మంచినూనె. దానికి వేరేది తెచ్చి తక్కువ చేస్తానా?"

మిషనక్కకు ఇప్పుడు అర్థమైంది. వంటనూనె రోజులు గడిచేకొద్దీ జిగురైపోతుంది. రాత్రి చల్లదనానికి బిగుసుకుంటుంది, కిటికీ ఎండ తగిలాక వదులవుతుంది. తను కడిగి పంపిన ప్రతిసారీ ఈవిడ ప్రేమగా మళ్ళీ పోస్తోంది. మిషన్ తన లోపల జిగురుందని చెప్పగలిగింది గానీ, ఆ జిగురు ఏ సీసాలోంచి వచ్చిందో చెప్పలేకపోయింది. సగం మాటే వినబడిందన్నమాట ఇన్నాళ్ళూ.

"పిన్నిగారూ, ఇప్పుడన్నది మళ్ళీ అనండి. ఏవండీ, ఫోను తియ్యండి."

"ఉండండి, దువ్వెన ఏదీ?" అంది బడిసంచుల ఆవిడ.

ఆ వీడియోలో మొదట కనబడేది మిషనక్క కాదు, భుజం పట్టుకుని మిషన్‌ని తిట్టే ఆవిడ. ఆ తర్వాత చేతులు, జిగురు, మిషన్ నూనె సీసా, పక్కనే మిషనక్క గొంతు: ఇది పొయ్యాలి, అది కూరలో పొయ్యాలి. ఈసారి పేజీలో వీడియో పైన పొదిగి, పేరు ఆవిడ మాటల్లోనే పెట్టారు: మిషన్ పొద్దున మొరాయించి మధ్యాహ్నం దారికొస్తోందా? వీడియో కింద అందులో అన్నదంతా, ఆవిడ రెండోవాడితో సహా, అన్నది అన్నట్టు రాశారు. చివర్న గదికి దారి, మెట్లు ఎటువైపు అన్నదీ చేర్చారు.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. తొలకరి పడింది. మిషనక్క అరలు తుడిచి, తాళంకప్ప ఎక్కడుందో వెతికి బల్ల మీద పెట్టుకుంది. తెల్లారి కండక్టరుగారు టీ గ్లాసుతో లెక్కలు తెరిచి, "ఏమోయ్, ఇవి నేను చూసినవి కావు" అన్నాడు. గ్లాసు అలాగే చల్లారిపోయింది, తాళంకప్ప మళ్ళీ అరలోకి వెళ్ళింది. వీడియో కింద వరసగా ఒప్పుకోళ్ళు: మేమూ అదే నూనె, మా అత్తగారు నెయ్యి కూడా వేశారు, మా ఆయనకి చెబితే నమ్మలేదు వీడియో చూపించాను. ఇంకో రెండు మూడు వారాలకి ఆ మాటలు పెట్టి ఎవరు వెతికినా మొట్టమొదట ఆవిడ పేజీయే వస్తోంది. మెట్ల మీద ఎవరో బరువుతో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఆ వచ్చేది పాత మోడలని చెప్పేసిందట మిషనక్క. ఆ చెవి ఎక్కడికీ పోలేదు.

షోరూముకి ఫోన్ చేసి రానని చెప్పింది. మేనేజరమ్మ నొచ్చుకోలేదు సరికదా, ఆ నూనె వీడియో తమ సైటులో కూడా పొదుక్కోవచ్చా అని అడిగింది. పక్కనుంచి ఆడపడుచు గుసగుసలాడింది: "పెట్టుకోమను, కానీ కింద మన పేజీకి లంకె ఇవ్వాలను. పెద్దవాళ్ళు మనల్ని చూపిస్తే మన పరపతి పెరుగుతుంది." ఇచ్చారు. ఇప్పుడు షోరూములో బాగుపడదన్న మిషన్లు కొన్ని ఆ లంకె పట్టుకుని మేడెక్కుతున్నాయి.

"ఇదీ తమ్ముడూ జరిగింది" అంది మిషనక్క. "అప్పట్నుంచీ వచ్చినవాళ్ళ నోటిమాటే నా పేజీకి పేరు. ఒకాయన మిషన్ కుట్టును నంజుకు తింటోందన్నాడు, ఆ పేజీ రెండో స్థానంలో ఉంది. ఇప్పుడు చెప్పు. నీ మిషన్ ఏమంటోంది?"

"నాది కాదక్కా, మా అత్తగారిది. బాగాలేదంది."

"అంతేనా? మీ అత్తగారు? ఒక్క ముక్కతో ఊరుకున్నారా?"

బైండింగు తమ్ముడు తల గోక్కున్నాడు. "ఊరుకోలేదు. నేను మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది. నేనే వినలేదు."

మిషనక్క మిషన్ మీది గుడ్డ తీసినట్టే తీసి మళ్ళీ కప్పేసింది. "అయితే దీన్ని నేను ముట్టుకోను. ఇక్కడే ఉండనీ. నువ్వు ఇంటికెళ్ళు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఫోనులో రికార్డు నొక్కి, ఏమైందో మొదట్నుంచీ చెప్పమను. మధ్యలో నువ్వేం సర్దకు, బాగుచెయ్యకు. నిన్ను తిట్టినా సరే, ఆ తిట్లతో సహా పట్టుకురా."